చంకన బిడ్డతో పరాయి దేశానికి



విదేశాలకు సువార్త సేవకు వెళ్ళే కుటుంబాన్ని సంఘం సాగనంపడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక భార్యాభర్తలిద్దర్నీ ముందుకు పిలుస్తారు. శాలువాలు కప్పుతారు. పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. తనకొచ్చిన పిలుపు గురించి ఆయన సాక్ష్యం చెబుతాడు. ఆమెకు మైకు ఇస్తే రెండు ముక్కలు మాట్లాడి కళ్ళు తుడుచుకుంటుంది. ఇంత తతంగం జరుగుతుంటే వాళ్ళ రెండేళ్ళ పిల్ల వేదిక మెట్లమీద కూర్చుని నాన్న మెడలోంచి తీసిన దండలో పూలు ఒక్కొక్కటే పీకుతూ ఉంటుంది. ఆ పిల్లకు ఏ పిలుపూ రాలేదు. ఎవరూ దాన్ని అడగనూ లేదు.

భోజనాల దగ్గరకొచ్చాక మాత్రం కథ మారుతుంది. అక్కడ అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ పిల్ల సంగతే అడుగుతారు. "దీన్నెవరి దగ్గర వదిలి వెళ్తున్నారమ్మా?" అంటారు. వెంట తీసుకెళ్తున్నామంటే, "అయ్యో, అక్కడ పాలు దొరుకుతాయా?" అంటారు. వేదికమీద చెప్పిన మాటలన్నిటికంటే విస్తరి ముందు అడిగిన ఈ రెండు ప్రశ్నలే గట్టివి. రెండు వందల ఏళ్ళుగా సముద్రాలు దాటిన మిషనరీలు వీటికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నారు.

పాల సంగతితోనే మొదలుపెడతాను.

1812 ఫిబ్రవరిలో అమెరికాలోని సేలం రేవు నుంచి ఒక ఓడ కలకత్తాకు బయల్దేరింది. అందులో మిషనరీ అడోనిరామ్ జడ్సన్, ఆయన భార్య ఆన్ ఉన్నారు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి రెండు వారాలు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళను నిలవనివ్వలేదు. మారిషస్ వెళ్ళారు, అక్కణ్ణుంచి మద్రాసు వచ్చారు, మద్రాసులో దొరికిన ఓడెక్కి 1813 జూలైలో బర్మాలోని రంగూన్ చేరారు. ఆ ఓడ ప్రయాణంలోనే ఆన్‌కు తొలిచూలు బిడ్డ చనిపోయి పుట్టింది. రంగూన్‌లో పుట్టిన మగబిడ్డ ఎనిమిది నెలలు బతికి, జ్వరం వచ్చి పోయాడు.

1824లో ఇంగ్లీషువాళ్ళకూ బర్మా రాజుకూ యుద్ధం వచ్చింది. తెల్లతోలు వాళ్ళందరూ గూఢచారులేనన్న అనుమానంతో రాజధాని ఆవాలో జడ్సన్‌ను పట్టుకెళ్ళి చెరసాలలో వేశారు. ఆన్ అప్పుడు గర్భిణి. నిండు చూలాలు అధికారుల ఇళ్ళచుట్టూ తిరిగింది, కానుకలిచ్చింది, కాళ్ళావేళ్ళా పడింది. 1825 జనవరి 26న ఆడపిల్ల పుట్టింది. మరియా అని పేరు పెట్టారు. మూడు నెలల తర్వాత ఖైదీలను ఔంగ్‌పిన్‌లే అనే పల్లెకు తరలించారని తెలిసి, ఆ పసిగుడ్డునూ, తాను పెంచుకుంటున్న ఇద్దరు బర్మా ఆడపిల్లలనూ, వంటచేసే బెంగాలీ మనిషినీ వెంటబెట్టుకుని ఆన్ పడవలో కొంత దూరం, ఎండలో బండిమీద కొంత దూరం ప్రయాణం చేసింది. చెరసాల కాపలావాడు తన ఇంట్లో సగం ధాన్యం పోసి ఉన్న గది చూపించి అందులో ఉండమన్నాడు.

ఆ గదిలో మొదట పెంపుడు పిల్లల్లో ఒకమ్మాయికి మశూచి పోసింది. ఆన్ రెండో పిల్లకూ, మరియాకూ తనే మశూచి టీకా వేసింది. ఇవాళ్టి టీకా కాదు, పుండులోని రసం తీసి గుచ్చే పాత పద్ధతి. కాపలావాడి పిల్లలకూ వేసింది. అది చూసి ఊళ్ళోవాళ్ళు కూడా తమ పిల్లల్ని తెచ్చారు. అందరికీ పనిచేసింది కానీ సొంత బిడ్డకు పట్టలేదు. మరియాకు మశూచి పోసి, నెలల తరబడి కోలుకోలేదు. అంతలో ఆన్ మంచాన పడింది. పాలు ఎండిపోయాయి. ఆ ఊళ్ళో దాది దొరకలేదు, గుక్కెడు ఆవుపాలు కూడా దొరకలేదు. రాత్రంతా పిల్ల ఏడుపు.

అప్పుడు కాపలావాళ్ళకు ఏదో ముట్టజెప్పి, జడ్సన్‌ను కాసేపు బయటికి వదిలేట్టు ఆన్ ఒప్పించింది. ఆయన బక్కచిక్కిన ఆ బిడ్డను చేతుల్లో పెట్టుకుని ఊళ్ళో ఇంటింటికీ తిరిగాడు. చంటిపిల్లలున్న తల్లుల్ని, మా పాపకు కాసిని పాలివ్వండమ్మా అని అడిగాడు. వాళ్ళిచ్చారు. మరియా బతికింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. జడ్సన్ పేరు చెప్పగానే క్రైస్తవులకు గుర్తొచ్చేది బర్మా భాషలోకి బైబిలు అనువాదం. యుద్ధకాలంలో ఆ రాతప్రతిని దిండులో పెట్టి కుట్టి కాపాడిన కథ ఆదివారపు బడి పిల్లలు కూడా చెబుతారు. పాలిచ్చిన ఆ తల్లుల కథ అంతగా చెప్పరు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. బౌద్ధులై ఉంటారు. పక్క చెరసాలలో ఉన్నవాడు తమ రాజుకు శత్రువని వాళ్ళకు తెలిసే ఉంటుంది. అయినా రొమ్మిచ్చారు. ఆ దేశానికి ఏదో ఇవ్వడానికి వచ్చిన మనిషి, బిడ్డ చేతిలో ఉండబట్టి, వాకిలి వాకిలికీ వెళ్ళి అడిగాడు. ఒంటరిగా వెళ్ళి ఉంటే బహుశా ఆ గుమ్మాల ముందు ఆయన అలా నిలబడేవాడే కాదు.

ఆ బెంగాలీ వంటవాడి సంగతీ చెప్పాలి. తన పని వంట మటుకే అనుకుంటే అతన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ దూరంనుంచి కట్టెలు, నీళ్ళు మోసుకొచ్చి, అందరికీ వండిపెట్టి, రోగుల్ని చూసుకుని, పొద్దు వాలేదాకా తాను తిండి ముట్టని రోజులున్నాయని, కులపట్టింపులు కూడా పక్కన పెట్టాడని ఆన్ తన ఉత్తరంలో రాసింది. జీతం ఇచ్చే స్థితిలో కూడా ఆమె లేదు. అంత రాసిన ఆమె కూడా అతని పేరు రాయలేదు.

యుద్ధం ముగిసింది. 1826 అక్టోబరులో ఆన్ చనిపోయింది. ఆర్నెల్లకు మరియా కూడా పోయింది. దానికి రెండేళ్ళు దాటి మూడు నెలలు. కాబట్టి దీన్ని సుఖాంతం చేసి చెప్పడం నాకు చేతకాదు. బిడ్డను వెంట తీసుకెళ్ళడం ఎంత పెద్ద వెలతో కూడిన పనో కూడా ఈ కథలోనే ఉంది.

ఆ వెల భరించలేక తర్వాతి తరాలవాళ్ళు మొదటి ప్రశ్నవైపు తిరిగారు. ఎవరి దగ్గర వదలాలి? జడ్సన్ రెండో భార్య సారాకు మొదటి పెళ్ళి వల్ల ఒక కొడుకు ఉన్నాడు. ఆరేళ్ళ పిల్లవాణ్ణి ఒంటరిగా ఓడెక్కించి అమెరికాకు పంపేశారు. తల్లిని అతను మళ్ళీ చూడలేదు. 1845లో జబ్బుపడ్డ సారాతో కలిసి జడ్సన్ ముగ్గురు పెద్దపిల్లల్ని తీసుకుని అమెరికాకు బయల్దేరాడు. చిన్నవాళ్ళు ముగ్గురూ బర్మాలో ఉండిపోయారు. దారిలో సెయింట్ హెలీనా దీవి దగ్గర సారా చనిపోయింది. మరుసటేడు ఆయన మళ్ళీ బర్మాకు వెళ్తూ పెద్దపిల్లల్ని అమెరికాలోనే వదిలాడు. బర్మాలో మిగిలిన చిన్నవాళ్ళలో ఒకడైన ఎడ్వర్డ్, పెద్దయ్యాక 1883లో తండ్రి జీవితచరిత్ర రాశాడు. మిగతా మిషనరీ జీవితచరిత్రల కంటే దాన్ని నేను ఎక్కువ జాగ్రత్తగా చదువుతాను. కొడుకు రాశాడు కదా, తండ్రి దూరంగా ఉన్న ఏళ్ళ లెక్క అతనికి తెలుసు.

మన ప్రాంతానికి వచ్చినవాళ్ళదీ ఇదే దారి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు భార్య పోయాక, తల్లిలేని పిల్లల్ని అమెరికాలో వదిలే వచ్చాడు. గుంటూరులో ఆయన బళ్ళు పెట్టి ఎందరి పిల్లలకో చదువు చెప్పించాడు. ఇందులో ఉన్న చిక్కు వినేవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత కొండమీది బళ్ళు వచ్చాయి. 1901లో కొడైకెనాల్‌లో మిషనరీ పిల్లల కోసం బడి తెరిచారు. కింద మైదానంలో కలరా, మలేరియా, రోహిణీ కార్తె ఎండలు. పైన చలి, బడి, సాటి పిల్లలు. మన తెలుగు జిల్లాల్లో పనిచేసిన దొరల పిల్లలు కూడా అక్కడికి వెళ్ళినవాళ్ళే. వేసవిలో తల్లిదండ్రులు కొండెక్కి కొన్ని వారాలు పిల్లల దగ్గరుండేవారు. చైనాలోని యాంటాయ్ రేవులో 1881లో మిషనరీ హడ్సన్ టేలర్ సంస్థ పెట్టిన చీఫూ బడిదీ ఇదే పద్ధతి. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం ఆ బడిని పిల్లలతో, టీచర్లతో సహా నిర్బంధ శిబిరానికి తరలించింది. 1945 ఆగస్టులో విడుదలయ్యేనాటికి ఐదేళ్ళపైన అమ్మానాన్నల మొహం చూడని పిల్లలున్నారు.

బడికి వెళ్ళే వయసు రాకముందు ఈ దొరల బిడ్డల్ని పెంచిందెవరు? మన ఆయాలు. మిషన్ కాంపౌండుల్లో, బంగళా వరండాల్లో తెల్లపిల్లలకు గోరుముద్దలు తినిపించింది, జోలపాడింది, దిష్టి తీసింది కూడా మన ఊరి ఆడవాళ్ళే. దిష్టి సంగతి దొరసానికి తెలియకుండా జరిగి ఉంటుంది లెండి. ఆ పిల్లలకు అమ్మభాషకంటే ముందు తెలుగు వచ్చేది. నెలనెలా పంపే మిషన్ నివేదికల్లో బాప్తిస్మాల సంఖ్య ఉండేది, బడిపిల్లల సంఖ్య ఉండేది, వైద్యం చేయించుకున్న రోగుల సంఖ్య ఉండేది. ఆయాల వల్ల ఆ ఇల్లు నిలబడిందన్న లెక్కకు గడి లేదు.

ఇదంతా తెల్లవాళ్ళ కథే అనుకోకండి. చంకన బిడ్డతో సముద్రం దాటిన తెలుగు సేవకులూ ఉన్నారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందంమీద వెళ్ళిన మొదటి భారతీయ కూలీలు ఆ ఓడలో వెళ్ళారు. ఆ తర్వాతి ఓడల్లో మన తెలుగువాళ్ళు వేల సంఖ్యలో వెళ్ళారు. అక్కడి తెలుగు క్రైస్తవులకు పాదిరి కావాలన్నారు. ఇక్కడి తెలుగు బాప్తిస్టు సంఘాలు, అమెరికా డబ్బుతో కాకుండా తమ కానుకలతోనే, 1903లో నెల్లూరువాడైన జాన్ రంగయ్యగారిని పంపాయి. ఆయన ఒంటరిగా వెళ్ళలేదు, భార్యాబిడ్డలతో వెళ్ళాడు. ఆ ఏడాది డిసెంబరు 27న కియర్స్‌నీ అనే చోట, తేయాకు తోటల మధ్య, మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన కొడుకు కూడా తర్వాత ఆ దేశంలోనే సేవ చేశాడు.

తోటల్లో కూలికొట్టాల మధ్యకు పాదిరి ఒక్కడే వచ్చి ఉంటే, ఆదివారం కనబడే పెద్దమనిషిగా మిగిలేవాడు. ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు బియ్యం ఎక్కడ కొంటారు, పిల్లకు ఒళ్ళు కాలితే ఏ ఆకు నూరతారు, పురుడెవరు పోస్తారు లాంటివి తోటలోని ఆడవాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. ఒప్పందం కూలీలు సొంత ఊళ్ళో వదులుకున్న పెద్దరికం ఏదైనా ఉంటే, కొత్తగా వచ్చినవాళ్ళకు దారి చెప్పే ఆ పెద్దరికం వాళ్ళకు మళ్ళీ దక్కి ఉంటుంది. ఇది నా ఊహే. కానీ ఊహించడానికి నాకో ఆధారం ఉంది.

నేను నర్సును, మా ఆయన పాస్టరు. మా అమ్మాయికి రెండేళ్ళు దాటాక మేము ఆఫ్రికాలోని మలావీలో ఒక సంఘంతో కలిసి పనిచేయడానికి వెళ్ళాం. రాజధాని లిలాంగ్వేకు దూరంగా, మొక్కజొన్న చేల మధ్య ఉన్న పల్లె. వారానికోసారి చెట్టుకింద ఐదేళ్ళలోపు పిల్లల బరువు తూచే రోజుండేది. చెట్టుకొమ్మకు గుండ్రటి తూకం గడియారం వేలాడదీస్తారు. దాని కొక్కేనికి, కాళ్ళు దూర్చడానికి రెండు కంతలున్న నిక్కరులాంటి గుడ్డ సంచీ. పిల్లల్ని అందులో కూర్చోబెట్టి వదిలితే గాల్లో కాళ్ళు కొట్టుకుంటూ ఏడుస్తారు. ముల్లు నిలిచిన క్షణంలో అంకె చూసి కార్డుమీద రాయాలి. మొదటిరోజు ఆ పని నాకప్పజెప్పారు. మా పిల్ల నా కాలు పట్టుకుని వదల్లేదు. కొత్త మనుషులు, ఎండ, అన్నిటికీ మించి అమ్మ వేరే పిల్లల్ని ఎత్తుకుంటోందన్న ఉక్రోషం. అది ఏడుస్తుంటే తూకంలో పిల్ల ఇంకా ఏడుస్తుంది.

వరుసలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఏమీ అడగలేదు. నడుం దగ్గర వంగి వీపు బల్లలా చదును చేసింది. ఒక చేత్తో మా పిల్ల రెక్క పట్టి ఎత్తి వీపుమీద బోర్లా వేసుకుంది. పిల్లను మోచేతులతో అదిమిపట్టి, నడుముకు చుట్టుకున్న రంగురంగుల గుడ్డ తీసి పైనుంచి కప్పింది. ఆ గుడ్డను అక్కడ చితెంజే అంటారు. ఒక కొస చంక కిందినుంచి, రెండో కొస భుజం మీదినుంచి ముందుకు లాగి, రొమ్ముపైన ముడి బిగించి, నిటారుగా లేచి నిలబడి రెండుసార్లు ఊగింది. అంతే. పది శ్వాసలు తీసేలోగా పిల్ల ఏడుపు ఆగింది, కాసేపటికి నిద్రపోయింది. ఆవిడ అలాగే నిలబడి తన వంతుకోసం వేచి ఉంది. ఆమె మనవడి బరువు నేను తూచాను, నా కూతురి బరువు ఆమె మోసింది.

తర్వాతి వారం నేనే ఆమెను వెతుక్కుంటూ వెళ్ళి, మా పిల్లను మళ్ళీ వీపున కట్టుకోమని అడిగాను. ఊరిలో నా పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఆ రోజునుంచి నేను 'అమాకే చిన్ని', చిన్నివాళ్ళమ్మను. మన పల్లెల్లోనూ పిలిచేది అంతే కదా.

ఇంకోటి చెప్పాలి. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఏం పట్టాలో ఆ తల్లులకు నేర్పడం నా పనుల్లో ఒకటి. లీటరు మరగకాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు అంతకు మించకూడదు. గిన్నె, చెంచా పట్టుకుని అందరిముందూ కలిపి చూపించేదాన్ని. వానాకాలంలో మా పిల్లకే విరేచనాలు మొదలయ్యాయి. సంచీలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలున్నాయి, చేతిలో చెంచా ఉంది, పిల్ల మాత్రం పళ్ళు బిగించింది. పక్కింటావిడ మొక్కజొన్న పిండితో పల్చటి జావ కాచి తెచ్చింది. మన రాగిజావ లాంటిదే, వాళ్ళు ఫాలా అంటారు. తన పిల్లల మధ్యన కూర్చోబెట్టి, వాళ్ళ చేత తాగించి, వంతు రాగానే మా పిల్ల నోటికి కప్పు అందించింది. తాగింది. నా ఉప్పుచక్కెర నీళ్ళు కూడా ఆ కప్పులోనే పోసి ఆవిడే తాగించింది. నర్సమ్మగారి బిడ్డకు కూడా విరేచనాలవుతాయని, నర్సమ్మకు కూడా పక్కింటి సాయం కావాలని ఊరంతా చూసింది. ఆ తర్వాత నేను చెప్పే పాఠం వినడానికి వచ్చే తల్లులు కూర్చునే తీరే మారిపోయింది. ఎదురుగా వరుసలో కాకుండా చుట్టూ కూర్చునేవారు.

అందుకే పిల్లలున్నవాళ్ళు సేవకు పనికిరారు, పెళ్ళికాని యువకులే మేలు అనే మిషన్ కమిటీ సభ్యులతో నాకు పేచీ. పిల్లతో పని నెమ్మదిగా సాగుతుంది, నిజమే. మధ్యాహ్నం పిల్ల పడుకునే వేళ ఎండలో మీటింగు పెట్టలేం. రోజుకు మూడు ఊళ్ళు తిరగలేం, ఒక్క ఊరే అవుతుంది. ఆ ఒక్క ఊళ్ళోనైనా ఎవరింటి గుమ్మంలో కూర్చుని ఎవరి చేతి జావ తాగామో మనకు తెలుస్తుంది. పిల్లలేని బృందాలు వారంలో ఇరవై గ్రామాలు చుట్టి వచ్చామని చెప్పుకోవడం విన్నాను. వాళ్ళు ఎవరి దగ్గరా ఏమీ అడగనక్కర్లేకుండానే తిరిగొచ్చి ఉంటారు.

అలాగని కళ్ళు మూసుకుని వెళ్ళమని నేనను. జడ్సన్ కాలంనాటి చావులకు చాలామటుకు ఇప్పుడు అడ్డుకట్ట ఉంది. ఆ అడ్డుకట్ట ముందుగానే వేసుకోవాలి. ఆఫ్రికాలో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల్లో చాలావాటికి వెళ్ళాలన్నా, కొన్నిసార్లు వాటి విమానాశ్రయాల్లో ఎక్కువసేపు ఆగి వెళ్ళాలన్నా టీకా పత్రం చూపించాలి. తిరిగి ఇండియాలో దిగేటప్పుడూ అడుగుతారు. ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందు టీకా వేయించుకుంటేనే ఆ పత్రం చెల్లుతుంది. 2016 నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితకాలం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్ నారాయణగూడలోని ఐ.పి.ఎం. అలాంటిదే. తొమ్మిది నెలల లోపు బిడ్డలకు ఈ టీకా వేయరు. అంటే అంతకంటే చిన్నబిడ్డతో ఆ దేశాలకు వెళ్ళే ఆలోచన మానుకోవడమే మంచిది. ఇందులో విశ్వాసానికి పరీక్షేమీ లేదు.

మలేరియా సంగతి ఇంకా పెద్దది. మలావీ 2019 ఏప్రిల్‌లో మలేరియా టీకాను పిల్లలకు వేయడం మొదలుపెట్టిన తొలి దేశం. ఆ టీకా అక్కడ పుట్టి పెరిగే పిల్లలకోసం. కొద్దికాలం వెళ్ళేవాళ్ళకు మందుబిళ్ళలు, మందు పట్టించిన దోమతెరే దిక్కు. బిళ్ళ మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. పెద్దవాళ్ళకిచ్చే డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకు మామూలుగా ఇవ్వరు. అక్కడున్నప్పుడే కాదు, తిరిగొచ్చాక కొన్ని నెలలదాకా పిల్లకు జ్వరం వస్తే, ఫలానా దేశం వెళ్ళొచ్చామని డాక్టరుకు మొదటిమాటగా చెప్పండి. ఇక కుక్కలు. రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్ళలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చిన్నపిల్లలు గీరుకుపోయినా చెప్పరు. స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా చూసుకోవాలి.

పాస్‌పోర్టు మాటొకటి. మన దేశంలో చిన్నపిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. అమ్మానాన్నలది పదేళ్ళుంది కదా అని పిల్లది చూసుకోకుండా టిక్కెట్లు కొన్నవాళ్ళను ఎరుగుదును.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను. పిల్లను సేవకు పనిముట్టుగా వాడకండి. ఊళ్ళోవాళ్ళు పోగవ్వాలని పిల్లచేత పాటలు పాడించడం, నల్లపిల్లల మధ్య నిలబెట్టి ఫొటోలు తీసి కానుకల కోసం పంపడం నేను చూశాను. ఆ ఫొటోలోని పిల్లలందరికీ అమ్మలున్నారు, వాళ్ళనెవరూ అడగరు. అనాథాశ్రమాలకు తీసుకెళ్ళి, వారంరోజులు ఆ పిల్లలతో ఆడించి, వాళ్ళు మెడ కౌగిలించుకుని ఏడుస్తుంటే విమానమెక్కడం ఇంకా పెద్ద తప్పు. వారానికో కొత్త అక్క, కొత్త అన్న వచ్చి ముద్దులాడి వెళ్ళిపోతుంటే ఆ పిల్లలు ఏమైపోతారు? అలాంటి సందర్శకుల కోసమే, తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అనాథలుగా చూపే వ్యాపారం కొన్ని దేశాల్లో సాగుతోంది. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు ఈ సంగతి వాళ్ళ పార్లమెంటులో చర్చకు వచ్చింది. మన సంఘాల్లో ఇంకా రాలేదు.

చాలాకాలం ఉండేవాళ్ళ పిల్లల గురించి ఒక మాట. రెండు దేశాల మధ్య పెరిగి, దేనికీ పూర్తిగా చెందని ఇలాంటి పిల్లల గురించి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్ 1950లలోనే రాసింది. ఆమె పరిశీలన మన ఇండియాలో ఉన్న అమెరికన్ కుటుంబాలతోనే మొదలైంది. పిల్ల తిరిగొచ్చాక అమ్మమ్మ ఊళ్ళో కలవడం లేదని బెంగపెట్టుకునేవాళ్ళు, అది అక్కడ ఎవర్ని వదిలివచ్చిందో అడగండి. మనం వీడ్కోలు సభ పెట్టుకున్నట్టు పిల్లలకు ఎవరూ పెట్టరు. తన ఆటసామాన్లు ఎవరికిచ్చి రావాలో పిల్లే తేల్చుకోనివ్వాలి. ఎవరింటికి వెళ్ళి వెళ్ళొస్తానని చెప్పాలో కూడా. మా అమ్మాయి తన కప్పు పక్కింటి పిల్లాడికిచ్చింది. వాడి కొయ్యబండి అడిగి తెచ్చుకుంది. బేరం ఎవరికి లాభమో నేను చెప్పలేను.

ఇక పంపే సంఘాలవారికి. ఇలాంటి కుటుంబం వెళ్ళేముందు అక్కడి సంఘానికి మీరు ఉత్తరం రాస్తారు. అందులో వీళ్ళు ఏమేం చేయగలరో రాస్తారు. బోధ చేయగలరు, వైద్యం చేయగలరు, పిల్లలకు పాటలు నేర్పగలరు అని. ఆ కాగితం పంపండి. దానితోపాటు ఇంకో కాగితం పెట్టండి. వీళ్ళకు ఏమేం కావాలో అందులో రాయండి. మరగకాచిన నీళ్ళకు పొయ్యి కావాలి, దోమతెర కట్టడానికి కొక్కేలున్న గది కావాలి, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరమో చెప్పేవాళ్ళు కావాలి, అమ్మ పనిలో ఉన్నప్పుడు పిల్లను రోజుకు రెండు గంటలు చూసుకునే పెద్దావిడ కావాలి, ఆవిడకు మేమేం ఇవ్వాలో కూడా మీరే చెప్పండి అని. ఆ రెండో కాగితం రాయడానికి కొందరు పెద్దలు మొహమాటపడతారు. మొహమాటపడకుండా రాసి, జవాబు వచ్చాకే టిక్కెట్లు కొనండి.